లెక్కలోకి రాని తొలి దెబ్బ

తొమ్మిది కొట్టేసరికి జయరావు తుపాకీ ఆనించడానికి ఇసుక మూట సర్దుకుని, తన మామిడి తోటలో వంగ మొక్కల పక్కన గోనెపట్టా పరుచుకుని, దాని మీద బోర్లా పడుకున్నాడు. పదింటికి బండి వస్తుంది. బండిలో పక్క తోట చిన్నబ్బ, చిన్నబ్బ పెళ్ళాం శకుంతలమ్మ వస్తారు. తనను ఎక్కించుకుని కాణిపాకం తీసుకుపోతారు. అక్కడ కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి, చిన్నబ్బ కంటికి నేను గురి పెట్టలేదు, పెల్లెట్టే దారి తప్పింది అని ప్రమాణం చేయాలి. అంతే. కేసు లేదు, పంచాయితీ లేదు. చేస్తానని ఒప్పుకున్నది తనే, అదీ శకుంతలమ్మ అడిగి నోరు మూయకముందే. మరి ఇంకో గంటలో పోవాల్సిన మనిషికి ఈ ఎయిర్ గన్ను ఏమిటి, నాలుగు డబ్బాల పెల్లెట్లు ఏమిటి, ముప్పై అంగల దూరంలో కంచె రాయికి ఆనించిన ఆ అట్టముక్క ఏమిటి అని ఎవరైనా అడిగితే జయరావు దగ్గర జవాబుంది. ఏ పెల్లెట్ దారి తప్పుతుందో తెలుసుకోవాలి. నాలుగింటిలో ఒక్కటి తప్పినా చాలు, తడిబట్టల్లో వణక్కుండా నిలబడగలడు.

మొదటి డబ్బా చదును తలవి. తుపాకీని మధ్యకు విరిచి, సీసపు పెల్లెట్‌ను బొటనవేలితో గొట్టంలోకి నెట్టి, మూసి, తుపాకీ వెనక కర్రను భుజానికి ఆనించుకున్నాడు. చిత్తూరులో పోలీసుల ఆయుధాల గదిలో ముప్పైయొక్కేళ్ళు తుపాకులు బాగుచేసిన చేతులవి, వాటికి ఒకరు చెప్పే పని లేదు. పెల్లెట్ రకం మార్చినప్పుడల్లా మొదటి అయిదూ మట్టికి పోయాలి. గొట్టం లోపల పాత సీసం పోయి కొత్త సీసం పట్టేదాకా అది ఎటు కొడుతుందో దానికే తెలియదు, ఆరోదాని నుంచే లెక్క. కొత్త కానిస్టేబుళ్ళకు ఆయన నేర్పిన మొదటి పాఠం అదే. అయిదూ గట్టు మీదికి కొట్టాడు. ఆరు నుంచి పది దాకా అట్ట మీదికి. లేచి, మోకాళ్ళు పట్టుకుని, నడిచివెళ్ళి చూస్తే అయిదు చిల్లులూ ఒక రూపాయి బిళ్ళ కింద దాక్కునేంత దగ్గర దగ్గరగా ఉన్నాయి. గురి కుదిరితే మొగం మాడ్చుకునేవాడు లోకంలో ఉంటాడా అంటే ఉన్నాడు, ఇదిగో. సర్వీసులో ఉండగా ఇలాంటి అట్టను గోడకు తగిలించుకుని వచ్చినవాడికల్లా చూపించుకునేవాడు. ఇప్పుడు దాన్ని నాలుగు మడతలు పెట్టి తొడకింద దాచుకున్నాడు, అదేదో దొంగ సొత్తు అయినట్టు.

అది జరిగి రెండు నెలలైంది. అప్పుడు తోతాపురి కాయలు కోతకు వచ్చి ఉన్నాయి, ఇప్పుడు చెట్లకు ఆకులు తప్ప ఏమీ లేవు, కోతులు కూడా మొగం తిప్పుకుని పోయాయి. కోతుల కోసమే ఈ తుపాకీ. పాకాల చుట్టుపక్కల తోటలున్న వాళ్ళందరూ టపాకాయలు కాల్చి, డబ్బాలు కొట్టి, అరిచి అరిచి గొంతులు పోగొట్టుకుంటుంటే జయరావు ఒక్కడే గోనెపట్టా మీద పడుకుని, కోతి కూర్చున్న రాయికి ఇంత పక్కన కొట్టేవాడు. కోతికి తగలకూడదు, రాయి మాత్రం చిట్లాలి. అది ఆయన గొప్ప. "మా జయన్న కోతికి జడ కూడా దువ్వగలడప్పా, తగలకుండా," అని చిన్నబ్బే ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. చెప్పి, ఆ నోటితోనే ఇంకోటి కూడా అనేవాడు, దాన్ని ఇప్పుడు తలచుకోవడం ఇష్టం లేదు. రెండో డబ్బా తీశాడు. ఇవి గుండ్రని తలవి. అయిదు మట్టికి, అయిదు అట్టకు. ఇవి ఇంకా దగ్గరగా పడ్డాయి, అయిదూ కలిసి ఒకటే చిల్లు, చిటికెనవేలు దూరేంత. నాలుకకు చేదు తగిలింది. పొద్దున భార్య కృపారాణి కలిపి ఇచ్చిన కాఫీ ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

కృపారాణి చర్చికి పోయింది. పోతూ పోతూ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "మనోళ్ళు ప్రమాణాలు చెయ్యగూడదు. పాస్టరయ్యను అడిగినా అదే చెప్తాడు. రానని చెప్పేయ్, వాళ్ళేమీ తప్పుపట్టరు," అంది. ఎంత మంచి సందు చూపించింది! ఆ సందులోంచి నడిచిపోతే సరిపోయేది, మతం మాటున దాక్కున్నాడని ఎవరూ అనరు, ఏ వినాయకుడూ అడగడు. భార్యకు తెలియకనే చూపించిందా, తెలిసే చూపించిందా? ముప్పైయేళ్ళ కాపురంలో ఆమె ఏది తెలిసి అంటుందో, ఏది తెలియక అంటుందో ఆయనకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఆ రోజు చొక్కా మీది రక్తం ఉతుకుతూ ఒక్క ప్రశ్న అడగలేదు. రెండు నెలలుగా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, ఆమె ముందు అబద్ధమాడి ఉంటే ఆ అబద్ధానికి కొంచెం అలవాటు పడి ఉండేవాడు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరూ ఒకే కుండలోది తింటూ, ఒకే కప్పు కింద పడుకుంటూ రోజులు వెళ్ళదీశారు.

రక్తం చాలా రాలేదు, అదే భయం వేసింది. చిన్నబ్బ కంచెకు అవతల, తన చెట్టుకు నిచ్చెన వేసుకుని, ఊడిపోయిన వల కట్టుకుంటున్నాడు. కోతి వచ్చి కంచె రాయి మీద కూర్చుంది, సరిగ్గా నిచ్చెన కింద. తుపాకీ చప్పుడుకు కోతి పారిపోయింది. చిన్నబ్బ మాత్రం నిచ్చెన మీదే చాలాసేపు నిలబడ్డాడు, ఒక చేతిలో వల తాడు, ఇంకో చెయ్యి ఎడమ కంటి మీద, ఏదో మరిచిపోయినవాడు గుర్తు చేసుకుంటున్నట్టు. తర్వాత మెల్లిగా, ఒక్కొక్క మెట్టే, తనంతట తనే దిగాడు. "ఏదో పురుగు పడినట్టుండాదన్నా, సూడు," అన్నాడు. పురుగు! జయరావు కంచె దూకి, వాడిని రెండు చేతులతో పట్టుకుని, ఆ చెయ్యి తీయించి చూశాడు. చూసింది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తిరుపతి పోయేదాకా బండిలో చిన్నబ్బ తల తన ఒళ్ళోనే ఉంది. ఆసుపత్రిలో కన్ను తీసేశారు. మూడో రోజు ఎస్సై వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంటే, చిన్నబ్బ మొగమంతా కట్టుతో, "గురి తప్పింది సార్. మా అన్న నామీదికి గురి పెడతాడా? నా పెండ్లికి పందిరి గుంజలు నాటిన మనిషి సార్," అన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ జయరావు వైపు ఎస్సై చూశాడు. జయరావు తలూపాడు. అదే ఆయన చెప్పిన మొదటి అబద్ధం, నోరు కూడా తెరవలేదు.

నమ్మనిది శకుంతలమ్మ ఒక్కతే. ఏడవలేదు, తిట్టలేదు. మొన్న కట్ట మీద ఎదురుపడి, "నాకు కేసొద్దు, ఏమొద్దు. ముప్పై అంగల నుంచి ఈగను కొట్టే మనిషికి ఆ పొద్దే గురి యాడికి పోయింది, అది తెలిస్తే సాలు. కాణిపాకంలో నిలబడి చెప్పు. నువ్వు చెప్తే నేను నమ్ముతా, ఇంక జన్మలో అడగను," అంది. ఆ మాటల్లో ఆవిడకు తెలియకుండానే ఒక పొగడ్త ఉంది, ఆ పొగడ్తే ఉరితాడు. నీకు చేతకాదు అని ఎవరైనా అని ఉంటే జయరావు ఈ రోజు వాళ్ళ కాళ్ళకు దండం పెట్టేవాడు.

మూడో డబ్బా గుంట తలవి, చవకవి, రెండేళ్ళుగా అటక మీద తేమకు తెల్లగా బూజు పట్టినవి. అయిదు మట్టికి. అయిదు అట్టకు. వెళ్ళి చూశాడు. చిల్లులు చెదిరిపోయాయి! అరచెయ్యంత మేర, ఒకటి ఇటు, ఒకటి అటు. అట్టను రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు, పరీక్ష పాసైన పిల్లవాడు కాగితం పట్టుకున్నట్టు. చూడు, తప్పుతాయి. మంచి తుపాకీ కూడా చెడ్డ సీసంతో తప్పుతుంది. ఈ మాట శకుంతలమ్మకు చెప్పవచ్చు, ఈ అట్టే చూపించవచ్చు. అరచెయ్యంత. అరచెయ్యి! కోతి కూర్చున్న రాయికీ నిచ్చెన మీది చిన్నబ్బ మొగానికీ మధ్య ఎంత ఉందో పోయిన వారం ఎవరూ లేనప్పుడు మోచెయ్యి పెట్టి కొలిచాడు, రెండున్నర మూరలు. ఎందుకు కొలిచాడో, కొలవకపోతే ఎంత హాయిగా ఉండేదో. పైగా ఆ రోజు వేసింది ఈ గుంట తలది కానేకాదు. ఆ రోజు వేసింది నాలుగో డబ్బాలోది, మొన తలది. ఆ డబ్బా మూత తీయలేకే ఇంతసేపూ ఈ మూడింటితో కాలక్షేపం చేశాడు.

మొన తలవి అయిదు మట్టికి పోశాడు. అయిదు అట్టకు. రూపాయి బిళ్ళ. మళ్ళీ అయిదు. అదే రూపాయి బిళ్ళ. గోనెపట్టా మీద వెల్లకిలా తిరిగి పడుకున్నాడు. ఆకుల సందుల్లోంచి ఎండ సూదుల్లా మొగం మీద పడుతోంది. తిరుపతి వైపు పోయే రైలు కూత వినిపించింది. అయిపోయింది అనుకున్నాడు. అనుకుంటుండగానే, ఎవరో భుజం తట్టి లేపినట్టు చప్పున కూర్చున్నాడు. అయిదు మట్టికి! ఎంత మొద్దు తను! ఆ రోజు మట్టికి ఎక్కడ పోశాడు? పొద్దుటి నుంచీ చదును తలవి కొడుతున్నాడు, అవి అయిపోతే మొన తలల డబ్బా విప్పి, మొదటిది పెట్టి, నొక్కాడు. చిన్నబ్బకు తగిలింది ఆ మొదటిదే. తను ముప్పైయొక్కేళ్ళుగా లెక్కలోంచి తీసేసే దెబ్బ అదే. ఇవాళ నాలుగు డబ్బాల్లోనూ ఏది కావాలో దాన్నే గట్టు మీదికి పారబోస్తూ, అక్కర్లేనివి ఏరుకుని కూర్చున్నాడు. ఒక తుపాకీ మేస్త్రీ తప్ప ఇంకెవడూ చెయ్యని తప్పు అది. నవ్వొచ్చింది, రెండు నెలల తర్వాత గొంతులోంచి వచ్చిన ఆ చప్పుడుకు తనే ఉలిక్కిపడ్డాడు.

గుడ్డ పేలిక గొట్టంలోకి దూర్చి తుడిచాడు. చదును తలవి పది కొట్టాడు, ఆ రోజులాగే. తర్వాత మొన తలది ఒక్కటి. పరుగెత్తాడు, ఈ వయసులో, ఆ మోకాళ్ళతో. అట్ట మధ్య చిల్లు లేదు. లేదు! వెతికాడు. అట్ట అంచు దగ్గర, మధ్యకు జానెడు దూరంలో కొత్త చిల్లు. జానెడు! రకం మార్చిన మొదటి దెబ్బ జానెడు తప్పింది. అట్ట దగ్గర నిలబడి, ప్రభువా అన్నాడు, రెండు నెలల తర్వాత మొదటిసారి నిజంగా అన్నాడు. ఇవాళ జానెడైతే ఆ రోజు ఎండ వేరు, గాలి వేరు, ఆ రోజు రెండున్నర మూరలు తప్పి ఉండకూడదా? ఉండవచ్చు. తప్పకుండా ఉండవచ్చు. చిన్నబ్బా, గెలిచామురా. మళ్ళీ తుడిచాడు, చదునువి పది, మొనది ఒకటి. మళ్ళీ జానెడు. మూడోసారి జానెడుకు కొంచెం తక్కువ. మూడు చిల్లులనూ వేలితో తడుముతూ ఉంటే వేలికి తెలిసింది, కంటికి ఇంకా తెలియనిది. మూడూ కిందనే ఉన్నాయి. మధ్యకు కింద. రకం మారిన తొలి దెబ్బ ఈ తుపాకీలో కిందికి జారుతుంది తప్ప పైకి పోదు. కోతి కింద కూర్చుంది. చిన్నబ్బ పైన నిలబడ్డాడు. కోతికి గురిపెట్టిన దెబ్బ తప్పితే రాయి కింద మట్టిలో దిగాలి. చిన్నబ్బ కంటికి తగలాలంటే, తుపాకీ కోతి వైపు కాదు, పైన చిన్నబ్బ వైపే చూస్తూ ఉండాలి.

ఇంక ఒక్కటే దారి ఉంది, అది సంచిలోనే ఉంది. నూనె. గొట్టంలో ఒక్క చుక్క నూనె మిగిలిపోతే, నొక్కినప్పుడు లోపల అంటుకుని, ఇంత పొగ వచ్చి, పెల్లెట్ ఎగిరి పైకి కొడుతుంది. ఇది అందరు మేస్త్రీలకూ తెలుసు. సంచిలోంచి చిన్న సీసా తీశాడు. ఒక్క చుక్క వేసి కొడితే తుపాకీ తను అడిగిన సాక్ష్యమల్లా చెబుతుంది, ఆ రోజు నూనె వేశాను, సరిగా తుడవలేదు, నాదే తప్పు, అజాగ్రత్త, అని ప్రమాణంలో కలుపుకోవచ్చు. అజాగ్రత్త ఎంత మెత్తని మాట! జీవితాంతం తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. మూత మీద గోరు పెట్టాడు. మూత చుట్టూ సీలు ఇంకా ఊడలేదు. పాత సీసా ఆ రోజుకు రెండు నెలల ముందే ఖాళీ అయింది. ఈ కొత్తది, చిన్నబ్బను ఆసుపత్రిలో చేర్చిన మరుసటి వారం, ఏ పనీ తోచక, అంగట్లో నిలబడి కొన్నది. ఆ రోజు గొట్టం ఎండిన పుల్లలా పొడిగా ఉంది. జయరావు సీసాను తిరిగి సంచిలో పెట్టాడు. కావాలంటే ఇప్పుడైనా వేసుకోవచ్చు, అడ్డేవాడు లేడు. కానీ తుపాకీకి అబద్ధం నేర్పించడం ఆయనకు చేతకాలేదు. తను ఆడగలడు, దానితో ఆడించలేడు.

అప్పుడు వచ్చింది ఆ మాట, ఇంతసేపూ గట్టు అవతల కూర్చున్నది. ఆ దెబ్బకు ముందురోజు దామలచెరువు మండీలో, కాయల కుప్పల మధ్య, పదిమంది బేరగాళ్ళ ముందు చిన్నబ్బ భుజం మీద చెయ్యి వేసి అన్నాడు. "మా జయన్న తుపాకులు తుడిచినోడేగానీ పేల్చినోడు కాదబ్బా. అందుకే కోతులకు కూడా ఆయనంటే ప్రేమ." అందరూ నవ్వారు. తనూ నవ్వాడు. ఏళ్ళ తరబడి విన్న పరిహాసమే, దానికి ఎవడైనా కోపం తెచ్చుకుంటాడా? తెచ్చుకోలేదు కూడా. మరునాడు కోతికి గురి పెట్టాడు. పైన చిన్నబ్బ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. తుపాకీ మొన కొంచెం పైకి లేచింది. అంతే, ఒట్టి సరదాకు, ఆయుధాల గదిలో ఖాళీ తుపాకులను ఎన్నివేలసార్లు మనుషుల నొసళ్ళకు ఎత్తి, టక్కుమని నొక్కి, చూసుకోలేదు? కానీ అది ఖాళీ కాదు, తనే అప్పుడే నింపాడు. ఆ మీటను ఆయనే సరిచేసుకున్నాడు, దానికి రెండు నొక్కులు. మొదటి నొక్కు మెత్తగా వస్తుంది, ఒకచోట ఆగుతుంది, అక్కడ వేలు ఆనుకుని నిలబడవచ్చు, తీసేయవచ్చు. రెండో నొక్కుకే పేలుతుంది. ఆ ఆగేచోట తన వేలు ఆగింది. ఎంతసేపు? ఒక ఊపిరి తీసుకునేంత. ఆ ఊపిరిలో, నేను పేల్చగలనా లేదా చూడు అనుకున్నాడు. చంపాలని కాదు, కన్ను తీయాలని కాదు, ఏమీ కాదు, చెవి పక్కనుంచి పోనిచ్చి బెదిరించాలని కూడా కావచ్చు. కానీ వేలు ఆగింది, ఆగి మళ్ళీ కదిలింది. జయరావు తుపాకీని పక్కన పెట్టి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

హారన్ మోగింది. గేటు బయట బాడుగ కారు ఆగింది. చిన్నబ్బ ఒక్కడే దిగి, నల్ల అద్దాలు సర్దుకుంటూ, ఎడమ పక్క ఏముందో చూడడానికి మెడంతా తిప్పుకుంటూ నడిచి వచ్చాడు. ఆ నడక ఇంకా కొత్తే అతనికి. చెదిరివున్న డబ్బాలూ అట్టముక్కలూ చూసి, "ఏందన్నా ఇది, కోతులు కూడా లేవు గదా," అని నవ్వి, ఒక అట్ట తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏది బాగుండాది?"

"అన్నీ బాగుండాయి."

"మరి ఆ పొద్దు?"

"ఆ పొద్దు గూడా బాగానే పోయింది చిన్నబ్బా. గురి తప్పలేదు."

చిన్నబ్బ ఆ అట్టలోంచే ఇంకా చూస్తున్నాడు, చిల్లులోంచి ఆకాశం చుక్కలా కనబడుతోంది. తర్వాత మెల్లిగా కూర్చున్నాడు. "నామీదేనా?" అన్నాడు. జయరావు తలూపాడు. "ఎందుకన్నా?" అన్నాడు. జయరావు వెతికాడు. మండీ, భుజం మీద చెయ్యి, నవ్వు. ఒక కంటి పక్కన పెట్టి చూపించడానికి అది మరీ చిన్నది, బయటికి తీయడానికే సిగ్గేసింది. "తెలీదు," అన్నాడు. "ఆయమ్మకు చెప్తా. ఇప్పుడే చెప్తా."

"చెప్పొద్దు." చిన్నబ్బ గొంతు పెద్దది కాలేదు. "నా ఇల్లే ఒక పక్క, నేనొక పక్క. అన్నం మానేసి నాతో పోట్లాడింది ఆయమ్మ, అయినా నిన్ను ఎనకేసుకొచ్చినా. ఇప్పుడు నా మొగం యాడ పెట్టుకోవాల? కన్ను పాయ. ఈ పరువూ తీసేస్తావా?" లేచి, లుంగీ దులుపుకుని, కారు వైపు తిరిగి, గట్టిగా కేక వేశాడు. "అన్నకు జరమంట! రాలేడంట!"

కారు తలుపు తెరుచుకుంది. శకుంతలమ్మ దిగింది. తలంటుకున్న జుట్టు ముడి వేసుకుని, చేతిలో సంచి, సంచిలోంచి పొడి తువ్వాలు తొంగిచూస్తోంది, మునిగి లేచాక తుడుచుకోవడానికి ఆయన కోసం తెచ్చినది. గబగబా నడిచి వచ్చింది, ఈ జ్వరం సంగతేమిటో తేల్చుకోవడానికే వచ్చినట్టు. ఎదురుగా నిలబడి ఉబ్బిన కళ్ళూ చెమట పట్టిన మొగమూ చూసింది. కాస్త తటపటాయించి, చెయ్యి తిప్పి, వేళ్ళ వెనుక భాగంతో ఆయన నొసలు తాకింది. గంటసేపు ఎండలో ఉన్న నొసలు అది.

"నిజమే," అంది. "పెనం మాదిరి కాలతా ఉండాది. ఇంత జరం పెట్టుకోని ఈడ పండుకోని ఏం చేస్తా ఉండావన్నా? ఇదీ సాకేమో అనుకున్యా, పాపపు బుద్ధి నాది. పోయి నీడన పండుకో, మిరియాల కషాయం పంపిస్తా. ప్రమాణం యాడికి పోతాది, వచ్చే బేస్తవారం పోదాం."

జయరావు చిన్నబ్బ వైపు చూశాడు. చిన్నబ్బ మెడ తిప్పుకున్నాడు, తాము నిలబడిన చోటు కనబడని వైపుకు.

"అట్లేనమ్మా," అన్నాడు జయరావు.